పేర్లు రాసుకునే కుర్రకారుకి...

ఆర్.కె. బీచికెళ్ళి, మురీ మిక్చర్ తిని, అలల్లో కాళ్ళు తడుపుకుని, "వైజాగ్ చూసేశాం" అనేవాళ్ళు మీలో ఎంతమంది? వాళ్ళ కోసమే ఈ వారం, నేను మొన్న వేసిన ప్రోగ్రాం చెబుతున్నా, రాసుకోండి.

పొద్దున్నే భీమిలి బస్సు. కుడివైపు కిటికీ సీటు పట్టండి, సముద్రం మీ వెంటే వస్తుంది. 1978లో బాలచందర్ 'మరోచరిత్ర'లో కమల్‌హాసన్‌నీ సరితనీ ప్రేమలో పడేసిన తీరం ఇదే. ప్రేమికుల సంగతి సరే, ఇక్కడ డచ్చివాళ్ళ సమాధులు కూడా ఉన్నాయి. వ్యాపారానికని ఓడలెక్కొచ్చి ఈ మట్టిలోనే కలిసిపోయారు పాపం!

తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బలు. గాలీ వానా కలిసి వేల ఏళ్ళు వేసిన సెట్టింగు! 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

సాయంత్రం మళ్ళీ బీచి. కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా కొలువు చేసి, 2002 నించి ఇసకమీద మ్యూజియమైంది. లోపల గుండ్రటి కన్నాల్లోంచి వంగి దూరాలి. ఏ హీరో అయినా సరే, స్టెప్పులు కుదరవు!

దిబ్బల దగ్గర చూసింది మాత్రం చెప్పక తప్పదు. ఓ కుర్రాడు పుల్లతో రెండు పేర్లు చెక్కుతున్నాడు.

"ఏం తమ్ముడూ, ఎందుకిది?" అన్నాను.

"గుర్తుగా ఉంటుందని సార్."

ఎక్కడుంటుంది? గట్టి వానొస్తే పేర్లూ పోతాయి, వాటితో దిబ్బలో ఓ పెళ్ళా పోతుంది. పేర్లు రాసుకోడానికి తడిసిన ఇసక బోలెడుంది. అలొచ్చి చెరిపేస్తే మళ్ళీ రాసుకోవచ్చు. దిబ్బని మళ్ళీ వేసే ఆర్ట్ డైరెక్టరు ఎవరున్నారు, చెప్పండి?