చిల్కా సరస్సు – మన వంతు బాధ్యత

మన సంఘ పత్రికయందు సాధారణముగా తెలుగు పాఠశాలల స్థితిగతులు, ఉపాధ్యాయుల కొరత, పాఠ్యపుస్తకములు వేళకు చేరకపోవుట, ధ్రువపత్రముల చిక్కులు మున్నగు విషయములే చర్చింపబడుచుండును. అవి అవసరమైనవే. వానిని విడుచుట తగదు. కాని ఈ వారము నేను వేరొక విషయమును సోదర పాఠకుల యెదుట ఉంచదలచితిని. అది చిల్కా సరస్సును గూర్చినది. “చేపలకును పక్షులకును మన సంఘమునకును సంబంధమేమి?” అని కొందరు మిత్రులు నన్నడిగిరి. సంబంధము కలదు. అది మన జీవనమునకు సంబంధించినది. మన దోషమునకు కూడ సంబంధించినది. ఆ రెండవదానిని దాచుట ఇష్టములేకయే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండెను. సరస్సు దక్షిణపు కొన, రంభ ప్రాంతము, ఆ జిల్లాలోనిదే. బరంపురమున, ఛత్రపురమున, గంజాంలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు చిల్కా పరదేశపు జలము కాదు. మన యిండ్లలో వండుకొను రొయ్య, పండుగప్ప, మండపీత ఆ నీటినుండి వచ్చినవే. సముద్రతీరమున నోలియాలు అనబడు జాలరులు తెలుగు మాటాడువారే. ఎండురొయ్యల వర్తకము, వలల వర్తకము, త్రాళ్ల వర్తకము చేసి పిల్లలను చదివించుకొన్న కుటుంబములు మనలో ఎన్నియో గలవు. వానిలో మాదియు నొకటి.

ఇక సరస్సు స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. వర్షకాలమున దీని విస్తీర్ణము సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు. వేసవిలో 900 చదరపు కిలోమీటర్లకు కొంచెము పైగా నుండును. ఉత్తరమున మహానది శాఖలైన దయా, భార్గవి మున్నగు నదులు మంచినీటిని తెచ్చును. తూర్పున మొగద్వారము గుండ సముద్రపు ఉప్పునీరు ప్రవేశించును. దక్షిణమున పాలూరు కాలువ ఋషికుల్యా ముఖముతో దీనిని కలుపును. ఈ రెండు నీళ్లు ఋతువుననుసరించి పెనుగులాడుచుండుటచేతనే చిల్కాలో ఒకచోట ఉప్పు, ఒకచోట చప్పన, ఒకచోట రెంటి మిశ్రమము ఏర్పడి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విధమైన ప్రాణికోటి నివసించుచున్నది. 1980 దశకమున భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థవారు పరిశీలించి ఇచ్చట సుమారు 800 జంతుజాతులను లెక్కించిరి. ఆ సంస్థకు మొదటి అధిపతియైన అనండేలుగారు 1917లోనే ఇచ్చటి బార్‌కుడా ద్వీపమున కాళ్లులేని ఒక చిత్రమైన నలికిరిని వర్ణించి, ఆ దీవి పేరునే దానికి పెట్టియుండిరి.

నీటిలో తిరుగు డాల్ఫిను సంగతి మన తెలుగువారు విశేషముగా గుర్తుంచుకొనదగినది. దీనిని ఇరావతి డాల్ఫిను అందురు. పేరు బర్మా నదిదే యైనను, శాస్త్రజ్ఞులకు ఈ జాతి మొదట పరిచయమైనది 1852లో మన విశాఖపట్టణపు రేవున దొరికిన ఒక జంతువు మూలముననే. 1866లో ఓవెను అను ఆంగ్లేయ శాస్త్రవేత్త దానికి నామకరణము చేసెను. నేడు చిల్కాలో ఇవి సుమారు 150 మాత్రమే మిగిలియున్నవి. శీతకాలమున వచ్చు వలసపక్షులతో కలిపి లెక్కించినచో ఇటీవలి గణనలలో పక్షులు పది లక్షలకు పైగా తేలినవి. సరస్సును నమ్ముకొని బ్రతుకు మత్స్యకారులు రెండు లక్షలకు పైబడినవారు. ఈ మూటిని వేరువేరుగా చూచుట పొరపాటు. చేప లేనిచోట పక్షి రాదు, డాల్ఫిను బ్రతుకదు, జాలరి ఇల్లు నిలువదు.

ఇట్టి సరస్సునకు మన కాలముననే రెండు వ్యాధులు సంక్రమించినవి. మొదటిది పూడిక. కొండలపై అడవులు తరిగి, నదులు మట్టిని మోసికొనివచ్చి ఉత్తరభాగమును నింపజొచ్చెను. సముద్రమునకు పోవు మార్గము ఇసుకచే మూసుకొనుచు దూరమాయెను. ఉప్పునీరు లోనికి రాలేక నీరు చప్పబడి, తుంగ, రెల్లు, నాచు దట్టముగా పెరిగెను. 1981లో రాంసారు ఒడంబడిక క్రింద మన దేశమున మొట్టమొదట గుర్తింపు పొందిన రెండు జలభూములలో ఒకటైన చిల్కా, 1993లో అపాయస్థితిలోనున్న వాని పట్టికకు ఎక్కెను. 1980 దశకము నడుమ ఏటా 8,000 టన్నులకు పైగా చిక్కిన చేపలు, 1999–2000 నాటికి 1,700 టన్నుల దరికి దిగజారెను. ఆ దినములు నాకు బాగుగ జ్ఞాపకమున్నవి. అప్పటికి నేను మెట్రిక్యులేషను ముగించి తండ్రిగారి అంగడిలో కూర్చుండువాడను. వల కొనుటకు వచ్చు జాలరి రిక్తహస్తముతో వచ్చి, పాత అప్పునకు గడువు కోరి వెడలిపోవుచుండెను.

2000వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన చిల్కా అభివృద్ధి సంస్థవారు సిపాకుడా వద్ద క్రొత్త మొగను త్రవ్వించిరి. సముద్రపు దారి 18 కిలోమీటర్లు తగ్గినది. ఉప్పునీరు లోనికి వచ్చినది. సముద్రమున పుట్టిన రొయ్యపిల్లలు, చేపపిల్లలు మరల సరస్సున ప్రవేశించినవి. 2001–02లో చేపల రాబడి సుమారు 12,000 టన్నులకు పెరిగినది. 2002లో చిల్కా అపాయపు పట్టికనుండి తొలగింపబడినది. ఆసియాలో ఆ విధముగా బయటపడిన మొదటి జలభూమి ఇదియే. అనగా సరస్సునకు దారి విడిచినచో అది తనంతట తానే కోలుకొనగలదని రుజువైనది.

కాని ఇల్లు అలుకగానే పండుగ కాదు. రెండవ వ్యాధి నేటికిని నయము కాలేదు. దాని పేరు ఘేరీ. వెదురుకర్రలు నాటి, వలలు చుట్టి, కొన్నిచోట్ల మట్టికట్టలు వేసి, ఒడ్డునకు దగ్గరి లోతులేని నీటిని కొందరు తమ స్వంత చెరువువలె బంధించి రొయ్యలను పెంచుటయే ఘేరీ. ఆ లోతులేని నీరే చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు పురుటిల్లు. పండుగప్ప పిల్ల, ఒడియావారు ఖైంగా అని పిలుచు చేపపిల్ల, రొయ్యపిల్ల ఆ గడ్డి నడుమనే దాగి మేసి పెద్దవగును. పురుటింటికి తాళము వేసి, వీధిలో బిడ్డలు కనబడుట లేదని ఏడ్చుట ఎట్టిదో, ఘేరీలు కట్టి చేపలు తగ్గినవని చింతించుట అట్టిదే. పైగా ఘేరీలు నీటి నడకను అడ్డి పూడికను పెంచును. అనాదిగా అచ్చట వలవేయు కేఉట, కండరా, నోలియా జాలరులను తరిమివేయును.

1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు జగన్నాథన్‌గారి వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, చిల్కా, పులికాటు సరస్సులకు 1,000 మీటర్లలోపల వ్యాపార రీతి రొయ్యల సాగును నిషేధించినది. అయినను ఘేరీలు ఆగలేదు. 1999 మే 29వ తేదీన ఘేరీలను కూల్చిన జాలరులకును పోలీసులకును జరిగిన సంఘర్షణలో సొరానా గ్రామమున కాల్పులకు నలుగురు ప్రాణములు కోలుపోయిరి. అటుపిమ్మట ప్రభుత్వము పలుమారులు ఘేరీలను తొలగించినది. తొలగించిన చోటనే అవి మరల మొలచుచున్నవి. ఎందుచేత మొలచుచున్నవి? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమిచ్చుటకే నేను కలము పట్టితిని.

వెదురు తనంతట నీటిలో నాటుకొనదు. దానికి పెట్టుబడి కావలెను. ఇచ్చటివారు దాదను అని పిలుచు ముందస్తు సొమ్మును వర్తకులు ఇత్తురు. పట్టిన రొయ్యను తమకే, తాము చెప్పిన ధరకే అమ్మవలెనని నిబంధన. ఆ వర్తకులలో ఒడియావారు కలరు, ఇతరులు కలరు, మనవారును కలరు. అట్లే జీరో వల యున్నది. దాని కన్ను ఎంత సన్ననిదనగా గోరంత చేపపిల్లయు తప్పించుకొనజాలదు. ఒక రొయ్యపిల్లకై వల లాగి, దానితో చిక్కిన తక్కిన పిల్లలనన్నిటిని ఒడ్డున ఎండలో పారవేయుదురు. అధికారులు దానిని నిషేధించియున్నారు. అది ఎక్కడనుండి వచ్చుచున్నది? అంగళ్లనుండి. దాపరికమేల? కొన్ని సంవత్సరముల క్రిందటివరకు మా అంగడిలోను అది అమ్ముడుపోవుచుండెను. దోమతెరవంటి ఆ గుడ్డకు లాభము హెచ్చు. కొనువారు పదేపదే వత్తురు. ఒకనాడు ఒక ముసలి నోలియా అంగడి మెట్లపై కూర్చుండి, “బాబూ, ఈ వల అమ్మి నువ్వు నాకు అప్పిచ్చిన సొమ్ము నీకెప్పటికీ తిరిగి రాకుండా చేసుకుంటున్నావు” అనెను. లెక్క పుస్తకము తిప్పి చూచితిని. అతడు చెప్పినది అక్షరాల సత్యము. నాటినుండి ఆ సరకు తెప్పించుట మానితిని. ఇది గొప్ప చెప్పుకొనుటకు కాదు. ఆలస్యముగా తెలిసికొంటినని ఒప్పుకొనుటకే చెప్పుచున్నాను.

మనము వర్తకులము. మూలధనమనగా ఏమో, వడ్డీయనగా ఏమో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. సరస్సు మూలధనము, ఏటేటి చేప దాని వడ్డీ. వడ్డీ తినువాడు తరతరములు బ్రతుకును. మూలము తినువాడు ఒకటి రెండు ఏండ్లు వైభవముగా బ్రతికి, పిమ్మట దివాలా తీయును. ఘేరీయు జీరో వలయు మూలమును తినుటయే.

దీనిపై మూడు ఆక్షేపణలు వినబడుచున్నవి. “మనము మానినచో మరియొకడు అమ్మును” అనునది మొదటిది. కావచ్చును. అట్లనుకొనియే కల్తీనూనె అమ్మువాడును తన మనస్సును సమాధానపరచుకొనును. పదిమంది మానినచో సరకు దొరకుట కష్టమగును, ధర పెరుగును, వాడుక తగ్గును. ఇది వర్తక న్యాయమే. “పేద జాలరి పొట్ట కొట్టుట కాదా?” అనునది రెండవది. ఘేరీలో అధిక లాభము పొందువాడు పేద జాలరి కాదు, పెట్టుబడిదారుడు. అయినను ఘేరీలో కూలిచేసి బ్రతుకు జాలరులు కలరు. ఒక్కనాటిలో వారి చేతి పని తీసివేసిన వారు ఆకలికి గురియగుదురు. కావుననే మానుటతో సరిపెట్టక, చట్టసమ్మతమైన వలలకు, పడవలకు అప్పు ఇచ్చుట కూడ మన బాధ్యత యనుచున్నాను. “మనము అల్పసంఖ్యాకులము, ఇట్టి వివాదములలో తలదూర్చనేల?” అనునది మూడవది. దీనికి నా సమాధానమొక్కటే. హక్కులడుగు వేళ ఈ నేల మాదియేనని చెప్పుచున్నాము. ఈ నేల మనదైనచో ఈ నీరును మనదే. హక్కులయందు స్థానికులమై, బాధ్యతలయందు అతిథులమగుట న్యాయము కాదు.

మన భాషాప్రాంతమున కొల్లేరు ఏమైనదో అందరికిని తెలిసినదే. కృష్ణా గోదావరుల నడుమ గూడబాతులకు నిలయమైన ఆ మంచినీటి సరస్సు చేపల చెరువులుగా ముక్కలైనది. 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటించినను, 2006లో యంత్రములతో గట్లు కూల్చవలసి వచ్చెను. అప్పుడు నష్టపడినవారిలో పెద్దలకన్న కౌలుదారులు, కూలీలే అధికము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లాయెను. చిల్కాకు ఆ గతి పట్టక మునుపే మేల్కొనుట మేలు.

కావున సంఘ సభ్యుల యెదుట ఈ ప్రతిపాదనలు ఉంచుచున్నాను. సంఘములోని వర్తకులెవరును ఘేరీకి దాదను ఇయ్యరాదు. జీరో వల అమ్మరాదు. గ్రుడ్లతోనున్న మండపీతను, ఎదుగని చేపను కొనరాదు. సంఘ నిధినుండి కొంత తీసి, విశాలమైన కన్నులు గల వలలకై నోలియా కుటుంబములకు తక్కువ వడ్డీకి అప్పు ఇయ్యవలెను. కాళీజాయి అమ్మవారి దర్శనమునకును, డాల్ఫినులను చూచుటకును పోవునపుడు మరపడవలతో వానిని తరుముటను ప్రోత్సహింపరాదు; ప్లాస్టికు సంచులు నీట పారవేయరాదు. ఒడియా మత్స్యకార సహకార సంఘముల పెద్దలతో మన పెద్దలు కలిసి కూర్చుండి, ఘేరీల తొలగింపునకు ఉమ్మడి వినతిపత్రము సమర్పింపవలెను. రెండు భాషలవారును ఒకే కాగితముపై సంతకము చేయుటకు ఇంతకన్న మంచి విషయము నాకు తోచుట లేదు.

ఈ ప్రతిపాదనలలో లోపములున్నచో సభ్యులు వ్రాసి సరిదిద్దవలెను. వచ్చు సర్వసభ్య సమావేశమున వీనిని చర్చకు పెట్టవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాను. మన పిల్లలు తెలుగు చదువవలెనని మనము పోరాడుచున్నాము, పోరాడవలసినదే. ఆ పిల్లలు రేపు తెలుగు వాచకమున రొయ్య, పండుగప్ప, గూడబాతు అను మాటలు చదివినపుడు, అవి ఎట్లుండునని అడిగినచో, చేయి చూపుటకు ఒక సరస్సు మిగిలియుండవలెను గదా!