ఇంటికొక పనిసాల

గృహము కట్టుకొనువారు ముందుగా దానియందలి గదులను నిర్ణయించుకొందురు. వంటకొక యిల్లు, పడకకొక గది, అతిథులు కూర్చుండుటకొక సావడి, స్నానమునకొక గది; ఇటీవల వీనికి తోడు మోటారుబండికొక షెడ్డు. ఇన్ని యేర్పాటులు చేసికొనువారిలో, చేతితో పనిచేయుటకు రెండు గజముల చోటును ముందుగా ఆలోచించి విడిచినవారు అరుదు. వండుటకును, తినుటకును, నిద్రించుటకును చోటున్న యింట, విరిగినదానిని బాగుచేయుటకు చోటు లేకుండుట గొప్ప లోపమని నా యభిప్రాయము. ఆ లోపమును తీర్చుట కష్టము కాదనియు, తీర్చనిచో నష్టపడువారు మన బిడ్డలేయనియు ఈ వ్యాసమున మనవి చేయుచున్నాను.

మన తుని పట్టణమున ఇప్పుడు కట్టుచున్న యిండ్లలో అనేకములకు క్రింది అంతస్తున కారు నిలుపు స్థలము గలదు. కారు లేనివారు అందు మోటారు సైకిలును నిలుపుచున్నారు. తక్కిన చోట నేమున్నదో చూడుడు. మూతలేని రంగు డబ్బాలు, మూడుకాళ్ల కుర్చీ, తిరుగని పంకా, తుప్పుపట్టిన మేకుల పొట్లము, చిక్కుపడిన విద్యుత్తు తీగలు. ఇంట సుత్తి కలదని అందరకు తెలియును. అది యెక్కడనున్నదో ఎవరికిని తెలియదు. పటము తగిలింపవలసి వచ్చినప్పుడు సన్నికల్లు పొత్రముతో మేకు కొట్టి గోడ పెచ్చులు రాల్చుచుందురు. ఉండియు దొరకని పనిముట్టు లేనిదానితో సమానము. మరియొకటి కొని తెచ్చిన అదియు ఆ కుప్పలోనే కలిసిపోవును.

పూర్వము మన ప్రాంతమున ఇల్లును పనిసాలయు వేరుగా నుండెడివి కావు. నేటికిని వృత్తికారుల యిండ్లలో ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. పిఠాపురమునకు సమీపమున సముద్రతీరముననున్న ఉప్పాడకు పోయి జాంధానీ చీరలు నేయువారి యిండ్లను చూడుడు. గుంటమగ్గము నేలను త్రవ్వి అమర్చబడి యుండును. నేతగాడు అంచున కూర్చుండి, గుంటలో కాళ్లుంచి త్రొక్కుడుకఱ్ఱలను త్రొక్కును. ఇల్లు మగ్గమున కమరినదో, మగ్గము ఇంటి కమరినదో చెప్పలేము. ఆ చీరలకు 2009 లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

ఇక మనకు ఈశాన్యముగా, అనకాపల్లి జిల్లాలో వరాహానది యొడ్డున ఏటికొప్పాక యున్నది. అచ్చటి కళాకారులు మెత్తని అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు ఉలితో రూపు దిద్దుదురు. తిరుగుచున్న కఱ్ఱకు రంగు లక్కను ఒత్తినంతనే ఒరపిడి వేడికి లక్క కరిగి అంటుకొనును. పిదప మొగలిరేకుతో మెరుగు పెట్టుదురు. ఈ బొమ్మలకు 2017 లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. 2025 జనవరి 26 న ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటముపై ఇవియే కొలువుదీరినవి. ఇట్టి పనివారికి విశాలమైన భవనములు లేవు. కాని వారి ఉలి యెక్కడ, లక్క యెక్కడ, రేకు యెక్కడ అని వెదకుకొనునట్టి స్థితి లేదు. కూర్చున్న తావు నుండి చేయి చాచిన నందవలెను. పనిసాలకు మొదటి సూత్రమిదియే. చోటు కొంచెమైనను క్రమమున్నచో పని సాగును; క్రమము లేనిచో ఎంత చోటున్నను చాలదు.

అయితే మన యిండ్లలో పనిసాల లేకుండుటకు స్థలలోపము అసలు కారణము కాదు. కారణము మన మనస్సులో నున్నది. చదువున వెనుకబడిన బాలుని అతని పెద్దలు, "చదువకపోయితివా, మెకానిక్కు షాపులో స్పానర్లు అందించుకొనుచు బ్రతుకుదువు" అని మందలించుట ఉపాధ్యాయులమైన మేము తరచుగా వినుచుందుము. ఆ మాటలో రెండు విషములున్నవి. స్పానరు పట్టినవాడు హీనుడనుట యొకటి. చదివినవాడు స్పానరు పట్టరాదనుట రెండవది. ఆ మెకానిక్కు కుమారుడే ప్రక్క బల్లపై కూర్చుండి చదువుకొనుచున్నాడని యైనను మనము తలపము. "అది మా కులవృత్తి కాదు" అను మాటయు ఈ కోవలోనిదే. మేకునకును మరకును కులము లేదు. నజరేతు ఊరివారు యేసును "వడ్లవాడు" అనియే యెరిగియుండిరని సువార్తలో చదువుకొను మనకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివినవారికి ఊనో సిగ్నేయసు పేరు పరిచితము. ఫిన్లండు దేశమున 1866 లో ప్రజాపాఠశాలల యందు చేతిపనిని విద్యలో నొక భాగముగా చేయించిన మహనీయుడాయన. ఆ మార్గమునే స్వీడను దేశీయుడైన ఆటో సాలమను విస్తరింపజేసి, నేస్ అను చోట ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. బాలురను వడ్రంగులుగా చేయుట వారి యుద్దేశము కాదు. కంటికి కొలత, చేతికి నిదానము, మనస్సునకు సత్యసంధత నేర్పుటయే. వంకరగా కోసిన చెక్క తిన్నగా నున్నదని యెవ్వడును వాదింపలేడు గదా! మన దేశమున 1937 లో వార్ధాయందు గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన బేసిక్ విద్యకును చేతిపనియే మూలము. ఆ పద్ధతి మన పాఠశాలలలో నిలువలేదు. పాఠశాలలో నిలువనిదానిని ఇంటనైనను నిలుపుకొనవచ్చును.

చేతిపని యొక ఇంటి కష్టమును ఎట్లు తొలగింపగలదో తెలుపుటకు ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు చాలును. పోచంపల్లి పట్టుచీర నేయుటకు ముందు ఆసు పోయుట యను పని కలదు. మేకుల వరుసపై దారమును చుట్టుచు ఒక్కొక్క చీరకు వేలకొలది మార్లు చేయి ఆడింపవలెను. చిన్నతనముననే బడి మానిన మల్లేశముగారు తల్లి భుజముల నొప్పిని చూడజాలక, ఏండ్ల తరబడి శ్రమించి 1999 లో ఆసుయంత్రమును సిద్ధము చేసిరి. ప్రభుత్వము 2017 లో ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. ఇక దూరదేశపు ఉదాహరణమొకటి: అమెరికాలో పాలో ఆల్టో అను ఊర హ్యూలెట్టు, ప్యాకర్డు అను యిద్దరు మిత్రులు 1938 లో అద్దెయింటి కారుషెడ్డులోనే పనిబల్ల వేసికొని విద్యుత్పరికరములు చేయసాగిరి, వారు 1939 లో స్థాపించిన సంస్థ లోకప్రసిద్ధమైనది. మన షెడ్డులన్నిటినుండియు అట్టివారు రావలెనని నేననను. వంటగది గిన్నెపిడిని మరల బిగించువాడు వచ్చిన చాలును.

ఇప్పుడు పనిసాలను అమర్చుకొను విధమును చెప్పెదను. ఇందులకు గురువులు మన తల్లులే. చీకటిలోనైనను ఆవాలెక్కడనున్నవో, పసుపెక్కడనున్నదో వారు చెప్పగలరు. వంటయింటి క్రమమును షెడ్డునకు కొనిపోయిన చాలును.

మొదట పనిబల్ల. పాత తలుపురెక్క యొకటి దీనికి మిక్కిలి తగినది. కారునకో మోటారు సైకిలునకో చోటు చాలనిచో, ఆ రెక్కను మడతబందులతో గోడకు బిగించి, పనివేళ దింపి, తక్కిన వేళల ఎత్తి గడియ వేయవచ్చును. నిలుచున్నవాని మణికట్టు ఎత్తున బల్ల యుండుట మేలు; పిల్లలకు కాలిక్రింద పీట వేసిన సరిపోవును. బల్ల యొక కొనను చిన్న వైసును బిగించుకొన్నచో, వస్తువును పట్టుకొనుటకు రెండవ మనిషి అక్కరలేదు.

రెండవది గోడ. పూర్వపు ఇండ్లలో గోడకు చిలుకకొయ్యలుండెడివి. ఒక పలకపై వరుసగా చిలుకకొయ్యలు నాటి, సుత్తి, రంపము, పట్టకారు, మూలమట్టము మొదలగువానిని తగిలింపుడు. ప్రతి పనిముట్టు వెనుకను దాని యాకారమును రంగుతో వ్రాయుడు. సాయంకాలము ఒక్క చూపు చూచిన చాలును. సుత్తి బొమ్మ కనబడి సుత్తి కనబడనిచో, అది యింకను మేడమీదనే యున్నదని తెలియును. అక్షరములు రాని పసివాడు సైతము వస్తువును దాని తావున నుంచగలడు.

మూడవది చిల్లర సామాను. పోపులపెట్టెను మించిన నమూనా దీనికి లేదు. మేకులు, మరలు, వాషర్లు పరిమాణము చొప్పున వేరుచేసి చిన్న గిన్నెలలో నుంచుడు. హార్లిక్సు సీసాల మూతలను అలమర పలక అడుగున మరలతో బిగించి, సీసాలను క్రింది నుండి త్రిప్పి తగిలించిన యెడల, లోనున్నది కనబడును, బల్లపై చోటు మిగులును. మన యూరు మామిడిపండ్ల వ్యాపారమునకు పేరుపొందినది గదా. ఖాళీ పండ్లపెట్టెలను ప్రక్కకు త్రిప్పి ఒకదానిపై నొకటి కట్టిన చక్కని అర లేర్పడును. వెదురు బొంగులను కణుపుల వద్ద కోసి గోడకు వ్రేలాడదీసిన ఉలులు, ఆకురాళ్లు, కుంచెలు నిలుచును. బరువైన సామానునకు చక్రములు బిగించిన పాత భోషాణము మంచిది. దానిని బల్లక్రిందికి త్రోసివేయవచ్చును. దినదినము వాడునది కంటియెత్తునకును నడుమునకును మధ్య, నెలకొకసారి వాడునది దానిపైన, ఏటికొకసారి వాడునది అటకపైన ఉండవలెను. ఏడాది కొకసారియు వాడనిదానిని పాతసామాను వానికి ఇచ్చివేయుడు. దానిని దాచుట పొదుపు కాదు.

మన తీరప్రాంతపు గాలిలో తేమయు ఉప్పును అధికము. కావున ఇనుప పనిముట్లను పని ముగిసిన వెంటనే తుడిచి, పలుచగా నూనె పూయవలెను. కఱ్ఱ అరలను నేలకు తగులనీయక ఇటుకలపై నిలిపి, గోడకు బెత్తెడు దూరముగా ఉంచిన చెద పట్టుట ముందుగా కంటబడును.

జాగ్రత్తల విషయమున తల్లిదండ్రులు కఠినముగా నుండవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి దూరముననున్న నిప్పును సైతము అందుకొనును. కావున పనిసాలలో దానిని నిలువచేయరాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును నడపరాదు. దాని పొగలోని విషవాయువునకు రంగును వాసనయు లేవు. అవిసెనూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేసిన అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనవచ్చును, విప్పి ఆరవేయవలెను. విద్యుత్తు బర్మాకు ఎర్తింగు గల ప్లగ్గు ఉండవలెను. తిరుగు యంత్రము వద్ద వదులు బట్టలు పనికిరావు. కంటికి అద్దములు తప్పక ధరింపవలెను. పిల్లలు పెద్దవారు దగ్గర లేనప్పుడు విద్యుత్తు పనిముట్లను తాకరాదు.

బాలికలను గూర్చి ప్రత్యేకముగా ఒక మాట. పనిసాల అన్నదమ్ములకు మాత్రమేయని యనుకొనుట తగదు. కుట్టుమిషను సూదిని మార్చి, ముగ్గులో చుక్కలను కొలతతప్పక పెట్టు చేతికి స్క్రూడ్రైవరు బరువగునా? జడను ముడిచి, ఓణీ కొంగును నడుమున దోపుకొని బల్లవద్ద నిలుచుటకు వారికిని హక్కు గలదు. రేపు ఏ హాస్టలులోనో ఒంటరిగా నుండు కుమార్తె, తలుపు గడియను తానే బిగించుకొనగలిగినచో, ఆమె తండ్రికి ఆ రాత్రి నిద్ర పట్టును.

ఖర్చు మాట చెప్పుదురు. సుత్తి, చేతిరంపము, పట్టకారు, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక ఉలి, కొలతబద్ద, మూలమట్టము, చేతిబర్మా. మొదటి సంవత్సరమునకు ఇంతకంటె అక్కరలేదు. తక్కినవి పని అడిగినప్పుడు కొనవచ్చును. కొందరు మరియొక యాక్షేపణ తెత్తురు: "అందరును తమ పని తామే చేసికొన్నచో పనివాని గతి యేమి?" ఇది దయగల ప్రశ్న, కాని నిజము వేరు. ఒక దినము రంపము కోసి చేతులు బొబ్బలెక్కిన వానికే వడ్రంగి శ్రమ తెలియును. వాడు వడ్రంగితో గీచి గీచి బేరమాడడు. పని బాగుగా నున్నదో లేదో యెరుగును. బాగుగానున్నచో గౌరవించి కూలి యిచ్చును. మన పనివారికి నేడు కావలసినది ఆ గౌరవము.

బాలబాలికలారా, వేసవి సెలవులలో మీ యింటి షెడ్డునో, వసారా మూలనో తీసికొని, ఒక పలకను నాలుగు చిలుకకొయ్యలతో ఆరంభింపుడు. తల్లిదండ్రులారా, వారు మొదటి మేకును వంకరగా కొట్టినచో నవ్వకుడు; గోడకు పడిన సొట్ట సున్నముతో పూడును. పాఠశాల పెద్దలకు నా మనవి యిది: రాబోవు వార్షికోత్సవ ప్రదర్శనమున, చిత్రపటముల ప్రక్కను, ఒక బల్లను విద్యార్థులు తమ యింట బాగుచేసిన వస్తువులకై కేటాయింపుడు. కాలు బిగించిన కుర్చీయు, పిడివేసిన కత్తిపీటయు, మరల వెలిగిన లాంతరును అచ్చట నుంచి, చేసిన బాలుని లేక బాలిక పేరు వ్రాయుడు. మెకానిక్కు కుమారుడు ఆ బల్లముందర తన తండ్రిని గర్వముతో నిలువబెట్టి చూపు దినము మన పాఠశాలకు నిజమైన పండుగ యగును.