పిల్లాడి వయసు, పెద్దల సంతకం

మా వైపు బండలాగుడు పోటీల్లో ఎడ్ల వయసు తేల్చేది పళ్లే. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. జత బరిలోకి దిగకముందే కమిటీ మనిషి వచ్చి, ముకుతాడు పట్టుకుని, కింది పెదవి దించి చూస్తాడు. చుట్టూ మూగిన రైతులూ తొంగి చూస్తారు. అనుమానం ఉన్నవాడు అక్కడే నోరు విప్పుతాడు, తగువు అక్కడే తేలిపోతుంది.

స్కూలు పిల్లల కబడ్డీకి ఈ సౌకర్యం లేదు. బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం, ఎక్కడ చూసినా స్కూల్ గేమ్స్ లెక్క అండర్-14, అండర్-17, అండర్-19. కబడ్డీ సంఘాల సబ్‌జూనియర్ పోటీలకైతే పదహారేళ్ల లోపు, 55 కిలోల లోపు. బరువు చెప్పడానికి కాటా ఉంది. వయసు మాత్రం కాగితం చెప్పాల్సిందే, ఆ కాగితం మీద హెడ్మాస్టరు సంతకం ఉండాల్సిందే. ఓడిన ఊరు ఆ కాగితాన్ని నమ్మదు.

గ్రౌండు పక్కన మాటలు ఎలా మొదలవుతాయో ఎరగనివాళ్లు లేరు. "ఏందన్నా, మీసాలొచ్చినయ్ ఆ పిల్లోడికి, అండర్ ఫోర్టీనంట!" "పోయినేడు వేరే పేరు మీద ఆడినాడంటగా." ఆట ముగిసి టీ కొట్టు చేరేసరికి నేర నిర్ణయం అయిపోయి సంభాషణ శిక్ష దగ్గరికి వస్తుంది. పిల్లాణ్ణి రెండేళ్లు బ్యాన్ చేస్తారని ఒకరు, కప్పు వెనక్కి లాక్కుంటారని ఒకరు, ఆ స్కూలునే మూడేళ్లు పోటీలకు రానివ్వరని ఇంకొకరు. ఫిర్యాదు రాసి ఇచ్చారా అంటే ఎవరూ ఇవ్వలేదు. సాయంత్రానికి వాట్సాప్‌లో పిల్లాడి ఫోటో చుట్టూ ఎర్ర సున్నా పడుతుంది.

ఈ ఊహాగానాలు ఊరికే పుట్టినవి కావు. 2020 ఆగస్టులో బీసీసీఐ ఒక పథకం తెచ్చింది. వయసు తప్పు రాయించానని తనంతట తానే ఒప్పుకున్న ఆటగాడికి శిక్ష ఉండదని, అసలు వయసు విభాగంలో ఆడుకోవచ్చని చెప్పింది. దాచిపెట్టి దొరికితే రెండేళ్ల నిషేధం, ఆ తర్వాత కూడా వయసు విభాగాల పోటీలకు అర్హత ఉండదు. 2025 మార్చిలో కేంద్ర క్రీడల శాఖ వయసు మోసాల మీద విడుదల చేసిన ముసాయిదాదీ దాదాపు ఇదే దారి: మొదటిసారికి రెండేళ్ల నిషేధం, పతకాలు వెనక్కి, రెండోసారికి జీవితకాల నిషేధం, పోలీసు కేసు. టీ కొట్టులో వినిపించే "రెండేళ్లు" ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. కాకపోతే క్రికెట్ నియమాన్ని తెచ్చి కబడ్డీకి, కబడ్డీ నియమాన్ని తెచ్చి ఖోఖోకి అంటగడతారు.

గట్టి శిక్ష కోరేవాళ్ల మాట ముందు వినాలి. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. పదిహేడేళ్లవాడు పద్నాలుగేళ్ల వాళ్లలో దిగితే నష్టం స్కోరుతో ఆగదు. పట్టు పట్టినప్పుడు దెబ్బ తగిలేది చిన్నవాడికి. జిల్లా జట్టులో ఒక చోటు పోతుంది, రాష్ట్ర పోటీలకు వెళ్లాల్సిన వాడు ఊళ్లో ఉండిపోతాడు. సర్టిఫికెట్ విలువ పెరిగిన కొద్దీ ఈ నష్టం కూడా పెరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగాల క్రీడా కోటా రెండు శాతం నుంచి మూడు శాతమైంది. 2025 మెగా డీఎస్సీలో 421 టీచరు పోస్టులను ఆ కోటా కింద రాత పరీక్ష లేకుండా, ఆటల్లో సాధించినదాన్ని బట్టే భర్తీకి పెట్టారు. మండల స్థాయి కప్పుతో ఉద్యోగం రాదు, నిజమే. కానీ రాష్ట్ర, జాతీయ సర్టిఫికెట్ల దాకా వెళ్లే మెట్లలో మొదటిది ఈ మండల గ్రౌండే. ఆ మెట్టు మీద ఒకడు తోసుకుని ఎక్కితే వెనకున్నవాడు జారేది అక్కడే.

పైగా చూసేవాళ్ల అనుమానమే లేకపోతే చాలా మోసాలు బయటికే రావు. 2001లో అమెరికాలో పన్నెండేళ్ల లోపు పిల్లల బేస్‌బాల్ పోటీలు, లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్, జరుగుతున్నప్పుడు న్యూయార్క్ బ్రాంక్స్ జట్టులో డానీ అల్మోంటే అనే పిల్లవాడు బంతి వేస్తుంటే ఎదుటివాళ్లకు కనపడేది కాదు. పన్నెండేళ్లవాడి చేతిలో అంత వేగమా అని అందరూ గొణిగారు. ప్రత్యర్థి లీగులు ప్రైవేటు డిటెక్టివ్‌లను కూడా పెట్టించాయి, ఏమీ దొరకలేదు. చివరికి స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ విలేకరులు డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుక రిజిస్టరు తిరగేస్తే అసలు వయసు పద్నాలుగని తేలింది. గొణిగినవాళ్లే నెగ్గారు. కానీ ఆ కేసులో నాకు ముఖ్యంగా కనిపించేది శిక్ష ఎవరికి పడిందన్నది. జట్టు గెలుపులన్నీ రద్దయ్యాయి. జీవితకాల నిషేధం పడింది మాత్రం తండ్రికీ, జట్టు నడిపిన పెద్దమనిషికీ. పిల్లవాణ్ణి పెద్దల చేతిలో వాడబడినవాడిగా చూశారు.

ఇక రెండో వైపు. మన దగ్గర పుట్టిన తేదీ అంటే ఏమిటి? బడిలో వేసేటప్పుడు అయ్యవారు రాసిందే పుట్టినరోజు అన్న కాలం మరీ దూరంలో లేదు. పాత అడ్మిషన్ రిజిస్టర్లలో జూన్, జూలై పుట్టినరోజులు కుప్పలుగా ఉంటాయి. ఊరంతా వానాకాలం మొదట్లోనే పుట్టిందని నమ్మాలి మరి. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలని 1969 చట్టం చెప్పింది, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలంది. కూలికో, వలసకో పోయిన ఇంట్లో ఆధార్‌లో ఒక తేదీ, బడిలో ఒక తేదీ ఉండటం మోసమే కానక్కర్లేదు. 2023 అక్టోబరు నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం సవరించారు. ఆ పిల్లలు అండర్-14 దాటేసరికి 2037 వస్తుంది. అందాకా ఈ తికమక తప్పదు.

ఎముక పరీక్ష ఉందిగా అంటారు. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి, ఎముకల ఎదుగుదలను బట్టి వయసు కట్టే పద్ధతి అది. అది కూడా అంచనాయే. ఒకే రోజున పుట్టిన ఇద్దరి ఎముకలు ఒకేలా పెరగవు. అందుకే 2025లో బీసీసీఐ అండర్-16 బాలురకు, అండర్-15 బాలికలకు మరుసటి ఏడు రెండో పరీక్షకు అవకాశమిచ్చింది. అంత డబ్బున్న బోర్డుకే ఒక ఎక్స్‌రే చాలలేదంటే, మీసం చూసి తీర్పు చెప్పే మనకు కాస్త జంకు ఉండాలి.

తప్పు తేలకముందే పడే ముద్ర సంగతి లక్ష్యసేన్‌ను అడగాలి. బ్యాడ్మింటన్‌లో దేశానికి పేరు తెచ్చిన ఆ కుర్రాడి మీద, కుటుంబం మీద, కోచ్ విమల్ కుమార్ మీద వయసు తప్పు రాయించారని బెంగళూరులో కేసు పెట్టారు. 2025 జూలై 28న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కోర్టు దాకా వెళ్లగల స్తోమత ఉంది కాబట్టి ఆయన పేరు కడుక్కోగలిగాడు. మన ఊరి వాట్సాప్ గ్రూపులో ముద్రపడిన తొమ్మిదో తరగతి కుర్రాడు ఎక్కడికి పోతాడు?

ఈ రెండింటి నడుమ అన్నిటికంటే చిక్కు ప్రశ్న జట్టుకు వేసే శిక్షది. ఒకడి తప్పుకు మిగతా పదకొండు మందిని శిక్షించవచ్చా? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ దీనితో దశాబ్దాలుగా కుస్తీ పడుతోంది. ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చారని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి 1987 సీజన్ మొత్తం రద్దు చేశారు. దానికి జనం పెట్టుకున్న పేరు మరణశిక్ష. మరుసటి ఏడాదీ జట్టు దిగలేదు. సీజన్ చివరి పెద్ద ఆటల్లో ఒకదానికి ఆ కాలేజీ మళ్లీ చేరింది 2009లో. డబ్బులిచ్చిన ధనవంతులు అప్పటికి ముసలివాళ్లయ్యారు, శిక్ష అనుభవించింది తప్పు జరిగేనాటికి పుట్టని పిల్లలు. 2025 ఆగస్టులో మిషిగన్ యూనివర్సిటీ మీద ఎదుటి జట్ల సంకేతాలు దొంగిలించిన కేసు తేలినప్పుడు కూడా పెద్ద ఆటల నుంచి వెలివేస్తారనే చాలామంది లెక్కలు కట్టారు. విచారణ సంఘం ఆ పని చేయలేదు. ఇప్పటి ఆటగాళ్లకు అన్యాయమవుతుందని చెప్పి, కోట్ల డాలర్ల జరిమానా వేసి, కోచ్‌ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టింది. ప్రత్యర్థి అభిమానులకు ఇది రుచించలేదు. డబ్బున్న కాలేజీకి జరిమానా ఒక లెక్కా అన్నారు. వాళ్ల మాట కూడా తీసిపారేయదగింది కాదు.

నా మటుకు నాకు కప్పు వెనక్కి తీసుకోవడంలో అన్యాయం కనపడదు. అది శిక్ష కాదు, లెక్క సరిచేయడం. ఓడిన జట్టులో కూడా పన్నెండు మంది పిల్లలున్నారు. స్కూలును ఏళ్ల తరబడి వెలివేయడం మాత్రం తప్పు. ఈ ఏడు ఎనిమిదో తరగతిలో ఉన్నవాడికి పోయినేటి మోసంతో సంబంధం లేదు. పిల్లాడి మీద రెండేళ్ల నిషేధం గురించి ఇంకొంచెం ఆలోచించాలి. జమ్మూ కశ్మీర్ పేసర్ రసిఖ్ సలాం 2019లో వయసు విషయంలో రెండేళ్లు ఆటకు దూరమయ్యాడు. తర్వాత తిరిగొచ్చి 2025 ఐపీఎల్‌కు ఆరు కోట్లు పలికాడు. శిక్షపడినా జీవితం ఆగదనడానికి ఇది మంచి ఉదాహరణే, కానీ అది క్రికెట్. మా వైపు కబడ్డీ ఆడే కుర్రాడికి రెండేళ్లంటే ఇంటర్ అయిపోవడం, హైదరాబాదో బెంగళూరో బస్సెక్కడం. కాబట్టి తనంతట తాను ఒప్పుకున్నవాడికి మాఫీ ఇవ్వాలి, అసలు విభాగంలో ఆడనివ్వాలి. తెలిసి సంతకం పెట్టినవాళ్ల మీద చర్య మాత్రం తప్పకూడదు.

దీనికీ ఒక అభ్యంతరం ఉంది, బలమైనదే. సంతకానికి శిక్ష అంటే ఏ హెడ్మాస్టరూ జట్టును పంపడు. ఒక్క పీఈటీ బడి మొత్తాన్నీ చూసుకుంటూ, దారి ఖర్చులు జేబులోంచి పెట్టుకుని పిల్లల్ని తీసుకెళ్లే చోట ఈ భయం నిజమైనదే. అందుకే రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టినవాణ్ణి ముట్టుకోకూడదు. రిజిస్టరు దిద్దినవాణ్ణి, ఒకడి పేరు మీద ఇంకొకణ్ణి దింపినవాణ్ణి వదలకూడదు. ఈ రెంటికీ తేడా తేల్చడం కష్టమేమీ కాదు, అడ్మిషన్ రిజిస్టరు తెరిస్తే చాలు.

నిర్వాహకులు చేయాల్సింది ఇంకొకటుంది. సంక్రాంతి టోర్నమెంట్ల కరపత్రాల అడుగున "కమిటీ వారిదే తుది నిర్ణయం" అని అచ్చేస్తారు. ఆ నిర్ణయమేమిటో, ఎందుకో మాత్రం ఎక్కడా అచ్చవదు. ఫిర్యాదు వచ్చిందా, విచారించారా, ఏం తేలింది, వారంలోగా నోటీసు బోర్డు మీద నాలుగు వాక్యాలు పెడితే టీ కొట్టు తీర్పులు సగం తగ్గుతాయి.

ఈ ఏడు మండల పోటీలు చూడబోయేవాళ్లకు ఒక మనవి. అనుమానముంటే ఆట మొదలవకముందే కాగితం మీద రాసి, కింద మీ పేరు పెట్టి నిర్వాహకులకు ఇవ్వండి. పిల్లాడి ఫోటో ఫోన్‌లో తిప్పకండి. ఎంట్రీ ఫారం మీద సంతకం ఎవరిదో అడగండి.