పుల్ల మీది గీత మీ ఇంజనుదేనా?

యాసంగి వరి పొట్ట మీదుంటుంది. సరిగ్గా అప్పుడే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. అది రిపేరై వచ్చేదాకా మడి ఎండకుండా చూసుకోవాలి. కొట్టంలో మూలకు పడి ఉన్న ఆయిలింజను అప్పుడు గుర్తుకొస్తుంది. మీదున్న బస్తాలు తీసి, దుమ్ము దులిపి, డీజిల్ పోసి, ఇద్దరు కలిసి హ్యాండిల్ తిప్పుతారు. ఇంజనాయిలు చూసినవా అని ఎవరైనా అడిగితే "ఉన్నదిలే, నిరుడు పోసినం గదా" అనేస్తారు. రైతు సోదరులారా, ఆ "ఉన్నదిలే" అనే మాట మీదే నా గొడవంతా.

చిట్యాల, నార్కట్‌పల్లి, రామన్నపేట పక్క ఒకప్పుడు చాలా బావుల మీద ఈ ఇంజన్లే నీళ్లు తోడాయి. పైన కూర్చున్న పంపు 20, 25 అడుగులకు మించి నీటిని పీల్చలేదు. నీళ్లు ఇంకా కిందికి పోయాయి, బోర్లు పడ్డాయి, మోటార్లు దిగాయి. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల సరఫరా అన్నారు. ఇంజను మూలకు చేరింది. అయినా చెరువు నుంచో, మూసీ కాలువ నుంచో ఎత్తిపోసుకునే చిన్న రైతుకు ఇవాళ్టికీ అదే దిక్కు. నా లెక్కలో రోజూ నడిచే ఇంజను కంటే ఏడాదికి పదిహేను రోజులు నడిచేదే ఎక్కువ చెడుతుంది. రోజూ నడిపేవాడికి దాని చప్పుడులో తేడా ఇట్టే తెలుస్తుంది. పదిహేను రోజులవాడికి ఆ చప్పుడే గుర్తుండదు.

మా నాయన కూడా అట్లనే పోగొట్టుకున్నాడు. కాలువ ఒడ్డు మీద ఏటవాలుగా ఇంజను పెట్టాడు. పుల్ల తీసి చూస్తే ఆయిలు పై గీత దాకా ఉంది. "చూసినవురా, నిండుగున్నది" అన్నాడు. పుల్ల ఉన్న పక్కే పల్లం. ఆయిలంతా అటు చేరింది. రాత్రంతా నడిచింది, తెల్లారేసరికి టక్కున పట్టేసింది. బేరింగు అరిగి, క్రాంకు గీసుకుపోయింది. ఆ రిపేరు ఖర్చు కన్నా ఎండిన అర ఎకరం వరే మా అమ్మకు ఎక్కువ బాధ పెట్టింది. ఆయిలు చూడలేదని ఆయనను ఎవరూ అనలేరు. చూశాడు. చూసింది తప్పు.

పడవ ఇంజను నడిపేవాళ్లకు ఈ తిప్పలు బాగా తెలుసు. పడవలో ఇంజను సమంగా ఉండదు. పంకా ఇరుసు నీటిలోకి దిగాలి కాబట్టి వెనక్కి కొంచెం వాలి ఉంటుంది. నేల మీద నడిచే ఇంజనును తెచ్చి పడవలో బిగిస్తే, పుల్ల మీది పాత గీత అక్కడ అబద్ధం చెబుతుంది. తెలిసిన మెకానిక్కు ఆ వాలును బట్టి కొత్త గీత పెడతాడు. మన ఇంజను వాలు కాలువ కాలువకూ మారుతుంది. అందుకని గీత మార్చలేం, ఇంజన్నే సమంగా నిలబెట్టుకోవాలి. చక్రాల కింద రాయో, మొద్దో పెట్టండి. ఇంజను మీద నీళ్ల గిన్నె పెట్టి చూస్తే వాలు తెలిసిపోతుంది.

మన దగ్గరున్న పాత నిదాన ఇంజన్లు చాలావరకు ఇంగ్లండు లిస్టర్ నమూనావి. అక్కడ 1930 ప్రాంతంలో వచ్చిన ఆ నమూనాను మన రాజ్‌కోట్‌లో దశాబ్దాల పాటు పోత పోశారు. నిమిషానికి 650 చుట్లు తిరుగుతాయి. ఈ రకంలో చాలావాటికి కనెక్టింగ్ రాడ్డు అడుగున చిన్న గరిటె లాంటిది ఉంటుంది. తిరిగినప్పుడల్లా అది ఆయిలులో మునిగి పైకి చల్లుతుంది. ఆ చల్లుడే బేరింగుకూ, పిస్టనుకూ ప్రాణం. ఆయిలు రెండు వేళ్లు తగ్గితే గరిటె అందుకోలేదు. తొట్టిలో లీటర్ల కొద్దీ ఆయిలు కనిపిస్తూనే ఉంటుంది, పైన మాత్రం ఎండిపోతుంటుంది. 1500 చుట్లు తిరిగే ఇంజన్లలో ఆయిలు పంపు ఉంటుంది. అక్కడ మట్టం బాగా తగ్గితే పంపు గాలి పీలుస్తుంది.

అయితే "ఎక్కువ పోస్తే పోయేదేముంది" అనేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. పోయేది ఉంది. మట్టం ఎక్కువైతే క్రాంకు ఆయిలును చిలుకుతుంది. నురుగొస్తుంది, వేడెక్కుతుంది, సీళ్ల దగ్గర కారుతుంది. రింగులు దాటి పైకెక్కి కాలుతుంది, నీలం పొగ వస్తుంది. మరీ మితిమీరితే ఇంజను తన ఆయిలే తాగి, డీజిలు బంద్ చేసినా ఆగకుండా పరుగెత్తుతుంది. అట్లాంటప్పుడు గాలి పీల్చే దారిని చెక్క ముక్కతో మూయాలి, చేత్తో మాత్రం వద్దు.

చూసే పద్ధతి కష్టమేం కాదు. పొద్దున్నే నడపక ముందు చూడటం అన్నిటికన్నా మేలు. నడిచిన ఇంజనైతే బంద్ పెట్టి పది నిమిషాలాగండి, పైనున్న ఆయిలు కిందికి దిగాలి. పుల్ల చుట్టూ ఉన్న దుమ్ము ముందే తుడవండి, లేకుంటే ఆ ఇసుకే లోపలికి పోతుంది. పుల్ల తీసి నూలు ఊడని గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే కనిపించేదే అసలు మట్టం. మరలున్న పుల్లతో ఒక చిక్కుంది. కొన్నింటిని బిగించి చూడాలి, కొన్నింటిని మరల మీద ఊరికే ఆనించి చూడాలి. మీదేదో ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆయిలు రెండు గీతల నడుమ, పై గీతకు దగ్గరగా ఉంటే చాలు. రింగులరిగిన ముసలి ఇంజను ఆయిలు తాగుతుంది. రాత్రంతా నడిపేవాళ్లు నడుమ ఒకసారి ఆపి చూడక తప్పదు.

మీరు పోయకుండానే మట్టం పెరిగితే మాత్రం సంతోషపడొద్దు. ఆయిలు పలచబడి డీజిల్ వాసన కొడితే డీజిలు కారి కలుస్తున్నట్టు. పాలు పోసిన చాయ్ రంగులోకి మారితే నీళ్లు కలిశాయి. హెడ్డు గాస్కెటో, లైనరు రబ్బరు రింగులో పోయి ఉంటాయి. అనుమానముంటే పాత గరిటె వేడి చేసి ఒక చుక్క వేయండి, చిటపటమంటే నీళ్లే. అట్లాంటి ఆయిలుతో ఒక్క గంట కూడా నడపొద్దు. కారణం సరిచేయించి, ఆయిలంతా మార్చాలి. తీసిన ఆయిలు కాలువలో పారబోయకండి.

ఇక అసలు అనుమానం. సెకండ్‌హ్యాండ్ ఇంజను కొన్నారా? దాని పుల్ల దానిదేనా? పుల్ల పోతే వేరే ఇంజనుది తెచ్చి పెట్టడం, ఇనుప చువ్వ కోసి పెట్టడం మన దగ్గర మామూలే. రంధ్రంలో పట్టినంత మాత్రాన గీత సరిపోదు. ఒక్కసారి పాత ఆయిలంతా తీసేసి, ఇంజన్ను సమంగా నిలిపి, పుస్తకంలో చెప్పినన్ని లీటర్లు కొలిచి పోయండి. పుల్ల పెట్టి తీసి, ఆయిలు తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ ఆకురాయితో గీత పెట్టండి. గరిటె ఉన్న ఇంజనైతే పక్క మూత విప్పి, చేత్తో మెల్లగా తిప్పుతూ అది ఆయిలులో మునుగుతున్నదో లేదో కళ్లారా చూడండి. పుస్తకం లేకపోతే అదే రకం ఇంజనున్న వారి దగ్గర దొరుకుతుంది.

కిరాయి ఇంజన్ల సంగతి వేరు. ఇక్కడ నాకు గట్టి పట్టింపే ఉంది. ఇంజను పట్టేస్తే "నువ్వు ఆయిలు లేకుండా నడిపినవ్" అని ఓనరు, "నువ్వు ఇచ్చినప్పుడే లేదు పటేలా" అని తీసుకున్నాయన. ఇద్దరిలో ఎవరూ పుల్ల చూసి ఉండరు. చివరికి డబ్బు కట్టేది మాత్రం ఎకరం, రెండెకరాలాయనే. కిరాయి ఎంతని అడిగే ముందే "అన్నా, పుల్ల తియ్యి, ఇద్దరం చూద్దాం" అనండి. వాపసిచ్చేటప్పుడూ ఇద్దరే చూడండి. రోజువారీ పోసే ఆయిలు ఎవరిదో అప్పుడే మాట్లాడుకోవాలి. పుల్ల చూపనంటే ఆ ఇంజను తీసుకోవద్దు, ఇంకో ఇల్లు చూసుకోండి.