మన పాత ఫోను ఎవరి వాకిట్లో కాలుతోంది?

రమజాన్ దగ్గర పడుతోందంటే మన ఇళ్ళలో దులపటం, కడగటం మొదలవుతుంది. అటకమీద, అల్మారా సొరుగుల్లో దాగినవన్నీ బయటపడతాయి. మూలపడ్డ రేడియో, బొమ్మ రాని టీవీ, తెర పగిలిన రెండు మూడు సెల్‌ఫోన్లు, దేనివో గుర్తులేని చార్జర్లు. పాతసామాన్ల బండి కేక వినబడగానే అన్నీ తెచ్చి అందులో పడేస్తాం. అతనిచ్చిన వందో రెండువందలో పుచ్చుకుని, ఇల్లు శుభ్రపడిందని తృప్తి పడతాం. ఆ సామాను తర్వాత ఎక్కడికి పోతుందో అడగం.

అడగవలసిన అవసరం ముస్లింలకు మరింత ఉన్నది. ఎందుకంటే ఆ దారి చివర నిప్పు దగ్గర కూర్చున్న వారిలో ఎక్కువమంది మన సోదరులు, సోదరీమణులే.

ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్ ఎలక్ట్రానిక్ తుక్కుకు పేరుపడ్డ బజారు. దేశం నలుమూలల నుంచి వచ్చే పాత కంప్యూటర్లు, టీవీలు, ఫోన్లను అక్కడి ఇరుకు సందుల్లో సుత్తితో, పటకారుతో విప్పి ఏ ముక్కకాముక్క వేరుచేస్తారు. వాటిలోని సర్క్యూట్ బోర్డులు ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌కు చేరతాయి. మొరాదాబాద్ అంటే ఇత్తడి సామాను. దానికి 'పీతల్ నగరి' అనే పేరు ఊరికే రాలేదు. ఇత్తడి పనికి గిరాకీ సన్నగిల్లాక, లోహాన్ని కరిగించటం తెలిసిన ఆ చేతుల్లో చాలా వరకు ఈ పనిలోకి దిగాయి.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే గాని దీని తీవ్రత అర్థం కాదు. బోర్డును వేడిచేస్తే టంకం కరిగి చిప్‌లు ఊడివస్తాయి. ఆ టంకంలో సీసం ఉంటుంది. బంగారు పూత ఉన్న ముక్కల్ని ఆమ్లంలో ముంచుతారు. మిగిలిన బోర్డుల్ని కాల్చి, ఆ నల్లని బూడిదను దంచి, నీళ్ళలో కడిగి రాగి రేణువులు ఏరుతారు. ఆ కడిగిన నీరు, బూడిద రామ్‌గంగా నది ఒడ్డుకు చేరాయి. రాగి కోసం ప్లాస్టిక్ తొడుగున్న తీగలను కాలిస్తే డయాక్సిన్లనే విషవాయువులు పుడతాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. ఈ పని ఇంటి వాకిట్లో, పిల్లలు ఆడుకునే చోటే జరుగుతుండటం అన్నిటికన్నా బాధాకరం.

ఎందుకు చేస్తున్నారంటే గిట్టుబాటవుతుంది కనుక. ఒక టన్ను పాత సెల్‌ఫోన్లలో ఉండే బంగారం, గనిలో తవ్వితీసిన ఒక టన్ను రాతిలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే ఆ లాభంలో పెద్ద భాగం పై వ్యాపారులది, రోగం మాత్రం కాల్చినవారిది.

మరి ప్రభుత్వం ఏమీ చేయలేదా? చట్టాలకేం, కొదవ లేదు. 2011లో తయారైన నిబంధనలు 2012 మే నుంచి అమలులోకి వచ్చాయి. 2016లో కొత్తవి, 2022లో మరోసారి కొత్తవి వచ్చాయి. చివరివి 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి. వస్తువు తయారుచేసిన కంపెనీయే దాని చివరి గతికి కూడా బాధ్యత వహించాలన్నది వీటి సారాంశం. కంపెనీల లక్ష్యం మొదటి రెండేళ్ళకు 60 శాతం, 2027-28 నుంచి 80 శాతం. ఇందుకోసం కంపెనీలు రిజిస్టరయిన రీసైక్లింగ్ కర్మాగారాల నుంచి సర్టిఫికెట్లు కొనుక్కోవాలి. 2024లో ప్రభుత్వం టీవీలు, ఫ్రిజ్‌ల వంటి వాటికి కిలోకు 22 రూపాయల కనీస ధర నిర్ణయించింది. అంత ఇచ్చుకోలేమంటూ కొన్ని పెద్ద కంపెనీలు 2025లో ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. వేల కోట్ల వ్యాపారం చేసేవారి ఔదార్యం ఇంతే!

ఈ నిబంధనల్లో నాకు కనిపించే పెద్ద లోటు వేరు. 2022 నిబంధనల ప్రకారం తయారీదారులు, మరమ్మతు చేసి అమ్మేవారు, రీసైక్లింగ్ చేసేవారు రిజిస్టరు కావాలి. సామాను విప్పేవారికి, సేకరించేవారికి ఆ జాబితాలో ప్రత్యేక స్థానం లేకుండా పోయింది. అంటే బండి తోసే అతను, సీలంపూర్ కుర్రవాడు చట్టం కంటికి లేనట్లే. పోలీసులు దాడిచేసినంత మాత్రాన మంట ఆరదు, నది ఒడ్డు నుంచి ఇంటి గదిలోకి మారుతుంది. సేకరించి, విప్పే పని వారికే ఉంచి, కూలి గిట్టేలా చేసి, కాల్చటం, ఆమ్లంలో ముంచటం మాత్రం కర్మాగారానికి అప్పగిస్తే ఇద్దరికీ మేలు. బోర్డుల నుంచి లోహాలను ప్రమాదం లేకుండా తీసే పద్ధతిని హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సి-మెట్ రూపొందించింది కూడా.

ఐక్యరాజ్యసమితి 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఇలాంటి తుక్కు పోగయింది. పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్లు లెక్క తేలింది 22.3 శాతమే.

దారిలోని ముల్లును, రాయిని తొలగించటం కూడా సదఖా (దానం) అని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. మన గుమ్మంలోని ముల్లును తీసి మరొకరి వాకిట్లో వేయటాన్ని ఏమనాలి? ఇస్రాఫ్ (దుబారా) సంగతీ ఆలోచించాలి. బాగా పనిచేస్తున్న ఫోనును కొత్త మోడల్ వచ్చిందని మూలన పడేయటం దుబారా కాక మరేమిటి? బాగయ్యేదాన్ని బాగుచేయించి, చదువుకునే బీద పిల్లవాడికి ఇస్తే అది దానం. చచ్చిన ఫోనును చేతిలో పెట్టటం మాత్రం చెత్త బదిలీయే.

పనికిరాని వాటిని కంపెనీ సేకరణ కేంద్రానికి గాని, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో రిజిస్టరయిన సంస్థకు గాని ఇవ్వాలి. ఇచ్చేముందు ఫోనులోని ఫొటోలు, బ్యాంకు వివరాలు తుడిచేయాలి. అందులో మన ఇంటివారి పరువు, ఇతరుల అమానత్ కూడా ఉంటాయి. ఉబ్బిన బ్యాటరీని పొడవరాదు, చెత్తబుట్టలో వేయరాదు, అది అంటుకుంటుంది.

గుజరీ దుకాణం ఇచ్చినంత డబ్బు అక్కడ రాకపోవచ్చు. ఒక్కొక్కరు రెండు ఫోన్లు పట్టుకుని ఊరి చివరికి వెళ్ళటమూ కష్టమే. అందుకే ఇది మస్జిద్ కమిటీలు తలకెత్తుకోదగ్గ పని. షాబాన్ నెలలో ఒక జుమా నమాజు తర్వాత మస్జిద్ ఆవరణలో మూత ఉన్న పెట్టె ఒకటి పెట్టవచ్చు. బ్యాటరీలకు వేరే డబ్బా ఉండాలి. సామాను చేర్చే పని పేటలోని బండి అతనికే కూలి ఇచ్చి అప్పగించవచ్చు. మొత్తం ఒకేసారి తూకం వేసి రిజిస్టరయిన సంస్థకు పంపి, రసీదు తీసుకుని, వచ్చిన సొమ్ము బైతుల్‌మాల్‌లో జమ చేయాలి. ఆ రసీదును నోటీసు బోర్డుమీద అంటించటం మరువరాదు. ఎన్ని కిలోలు పోయాయో ఇచ్చినవారికి తెలియాలి కదా.