ఫోనుకూ శీలపరీక్షేనా?

జహనుమా అంటే ప్రపంచాన్ని చూపేది అని అర్థం. ఫలక్‌నుమా పక్కనున్న ఆ బస్తీలో ఇంటిపట్టున జర్దోసీ పని చేసుకునే అమ్మాయికి ఇవాళ ప్రపంచాన్ని చూపేది చేతిలోని ఫోనే. ఆర్డర్లు దాన్లోనే, అక్కతో చెప్పుకున్న ఏడుపులూ దాన్లోనే. ఎవడో ఆమె ఫోటోను మార్ఫింగ్ చేసి నలుగురికీ పంచాడనుకుందాం. ధైర్యం చేసి స్టేషన్‌కి వెళితే ముందు ఎవరి ఫోను అడుగుతారు? ఆమెదే.

సాక్ష్యం కావాలి, నిజమే. ఫోరెన్సిక్ పరికరాలు వద్దని నేననడం లేదు. ఫోనులోని సమాచారాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసి, దానికి హాష్ విలువ కట్టి, తర్వాత ఒక్క అక్షరం మారినా పట్టుకునే ఆ పద్ధతి లేకపోతే నేరస్తుడు తేలిగ్గా తప్పించుకుంటాడు. కానీ అదే పరికరం చెరిపేసిన సందేశాలనీ, తిరిగిన చోట్లనీ, పాత స్నేహాలనీ కూడా బయటికి లాగగలదు. నేరం ఒక్క ఫోటోకి సంబంధించింది. ఆమె బతుకంతా తవ్వడం ఎందుకు?

మనకిది కొత్త కాదు. 1978లో ఈ నగరంలోనే, నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. అయినా పోలీసుల పక్షం ఆమెను వేశ్యగా నిరూపించడానికే పూనుకుంది. కేసు రాయచూరుకు మారింది, 1981లో నిందితులు నిర్దోషులై బయటికొచ్చారు. ఆనాడు ఆమె గతాన్ని తవ్వడానికి మనుషుల్ని వెతకాల్సి వచ్చింది. ఇవాళ ఒక కేబుల్ చాలు.

రెండు వేళ్ల పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. శరీరానికి వద్దన్న పరీక్ష ఫోనుకు మొదలైతే మనం గెలిచిందేమిటి? ఇంగ్లండ్, వేల్స్ పోలీసులు అత్యాచార బాధితులు ఫోన్లు అప్పగించాలంటూ 2019లో తెచ్చిన సమ్మతి పత్రాలను, మహిళలు ఎదురు తిరగ్గా, 2020లో వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హాష్ విలువతో ధృవపత్రం అడుగుతోంది. సాక్ష్యం చెడకుండా ఇంత జాగ్రత్త! సాక్ష్యం తెచ్చిన మనిషికో?

ఫిర్యాదుకు సంబంధించిన సంభాషణ మాత్రమే తీయాలి. ఆమె ఎదుటే, మహిళా నిపుణురాలి చేతనే తీయించాలి. హాష్ విలువ రాసిన రసీదు ఆమె చేతికివ్వాలి. ఆ ఫోను మీదే ఆమె కూలి ఆధారపడి ఉంది కనుక అదే రోజు తిరిగివ్వాలి. ఇవి రాతపూర్వకంగా వచ్చేదాకా, జహనుమా అమ్మాయితో "వెళ్లి ఫిర్యాదు చెయ్యమ్మా" అని నేను నిబ్బరంగా చెప్పలేను.