శోకించు వైద్యుడు దోషియా?

కాకుమాను వంటి గ్రామమున నొక యింటివారు మనోవ్యాధితో కుములుచున్న బిడ్డను గుంటూరునకు గొనిపోయి వైద్యునకు చూపుదురు. ఆనాడాతడు నారాయణుడు. విధివశమున ఆ బిడ్డ ఆత్మహత్య చేసికొన్నచో మరునాడాతడే యముడు! ఇదెక్కడి న్యాయము?

గుండెజబ్బుచే రోగి మరణించినచో వ్యాధి చంపెనందుము. మనోవ్యాధిచే మరణించినచో మాత్రము చంపినవాని కొఱకు వెదకుదుము. ఎవరేనాడు ప్రాణము తీసికొందురో నిశ్చయముగా ముందు చెప్పగల శాస్త్రమింకను పుట్టలేదు.

వైద్యునకు దుఃఖము లేదనుకొందుమా? స్కాట్లండు మానసిక వైద్యనిపుణులను గూర్చి 2000 సంవత్సరమున వెలువడిన పరిశీలనమును చూడుడు. వారిలో నూటికి 68 మంది ఆత్మహత్యవలన రోగిని కోల్పోయినవారు. అట్టివారిలో నూటికి 33 మంది దిగులు, నిద్రలేమి మున్నగు బాధలనుభవించిరి. 15 మంది ముందుగనే ఉద్యోగము విడువదలచిరి. వారికి ఊరటయైనది తోడివారును, కుటుంబమునే.

మన దేశమున వైద్యుని ప్రాసిక్యూట్ చేయుటకు ముందు నిష్పాక్షికమగు వైద్యాభిప్రాయము పొందవలెననియు, అతనిని అలవాటుగా నిర్బంధింపరాదనియు సుప్రీంకోర్టు 2005లోనే చెప్పెను. అయినను 2022 మార్చిలో రాజస్థానపు దౌసా జిల్లాలో బాలింత రక్తస్రావముచే మరణింపగా, వైద్యురాలిపై హత్యానేరము మోపబడెను. ఆమె ఆత్మహత్య చేసికొనెను. ఆమె మానసిక వైద్యురాలు కాదు. భయము మాత్రమందఱికి నొక్కటియే.

విచారణయే వలదని నేననను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి నిజమెఱుగు హక్కు కలదు. నిర్లక్ష్యము చేసినవాడు శిక్షార్హుడే. కాని దోషిని వెదకు విచారణ వేఱు, లోపమును వెదకు విచారణ వేఱు. మొదటిదానిలో వైద్యుడు నోరు మూసికొని కాగితములు సరిచూచుకొనును. రెండవదానిలో జరిగినది విప్పి చెప్పును, పదుగురు నేర్చుకొందురు. బెదరిన వైద్యుడు ప్రమాదస్థితిలోనున్న రోగిని చేర్చుకొనక మఱియొకచోటికి పంపివేయును. ఆ రోగి యెవరు? మన బిడ్డయే!

ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నుండెనని భావింపవలెనేకాని శిక్షింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము శాసించుచున్నది. రోగియెడ చూపిన యా కరుణలో పిసరంతయైనను వానిని కాపాడ పెనగిన వైద్యునకు దక్కరాదా? ప్రతి ఆసుపత్రియందును ఇట్టి మరణము పిమ్మట తోడివైద్యులు కూడి మాటలాడుకొను ఏర్పాటు నియమముగా నుండవలెను. గృహస్థులారా! ఆ వైద్యుడు పరామర్శకై మీ గడప త్రొక్కినచో తలుపు మూయకుడు. మీరు కోల్పోయినవానికై యేడ్చుటకు వచ్చినవాడాతడు.